మూడో సిలిండర్ అలక

శనివారం, రాత్రి 10:30

గోళ్ల సందుల్లో మసి ఇంకా పోలేదు. గిన్నెలు తోమే సబ్బుతో రెండుసార్లు రుద్దాను, ఇక రేపు చూద్దాం.

మూడు వారాలుగా కారు నన్ను పిచ్చిదాన్ని చేసింది. తొమ్మిదేళ్ల పాత పెట్రోల్ బండి. బాగా పోతూ పోతూ ఉన్నట్టుండి ఒక కుదుపు, ఎవరో వెనక నుంచి కొంగు పట్టి లాగి వదిలేసినట్టు. ఆ వెంటనే ఏమీ ఎరగనట్టు మామూలుగా పోతుంది. డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ నాలుగుసార్లు మిణుకుమిణుకుమని ఆరిపోతుంది. మెకానిక్కులు దీన్ని మిస్సింగ్ అంటారు. సిలిండర్‌లో పెట్రోల్ అంటుకోవాల్సిన క్షణంలో అంటుకోకపోవడం. అస్తమానం అంటుకోకపోతే పట్టుకోవడం తేలికే. మాది వారానికి మూడు నాలుగుసార్లే అలుగుతుంది.

మొదట తీసుకెళ్లిన సర్వీస్ సెంటర్‌లో పెట్రోల్‌ని అంటించే నాలుగు స్పార్క్ ప్లగ్గులూ మార్చారు, ఇంజన్‌కి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ కడిగారు, ఏడు వేలు బిల్లు వేశారు. మర్నాడు పొద్దున మా బేస్‌మెంట్ ర్యాంప్ మీదే మళ్లీ కుదుపు. తిరిగి తీసుకెళ్తే ఒక కుర్రాడు వీధిలో రెండు రౌండ్లు కొట్టొచ్చి "మాకు రావట్లేదు మేడమ్" అన్నాడు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. "నా సిస్టమ్‌లో రావట్లేదు" అనే మాట పదకొండేళ్లుగా డెవలపర్ల నోట వింటున్నాను. దానికి కనీసం జీతం ఇస్తారు. ఇక్కడ నేనే ఎదురు డబ్బులిచ్చి విన్నాను.

మూడో అంతస్తు అంకుల్ మాత్రం లిఫ్టులోనే తేల్చేశారు. "అంతా ఇథనాల్ మహిమమ్మా." 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ని 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టింది మా బెంగళూరులోనే. అప్పట్నుంచి అపార్ట్‌మెంట్‌లో ఏ బండికి ఏ జబ్బు చేసినా అంకుల్ చెప్పే కారణం అదొక్కటే. దానివల్ల పాత బండ్లలో రబ్బరు గొట్టాలు పాడవుతాయన్న భయం ఉన్నమాట నిజమే కాబట్టి నేనూ పూర్తిగా కొట్టిపారేయలేదు. మా ఆయనైతే ఏ కారణమూ వెతకలేదు. "అమ్మేద్దాం" అన్నాడు. ఇలాంటి బండిని దాచిపెట్టి అమ్మితే కొన్నవాడి ఉసురు తగలదూ?

చివరికి నాకు చేతనైన పనే చేశాను. కుదిపిన ప్రతిసారీ ఫోన్ నోట్స్‌లో రాసుకోవడం. టైమెంత, ఇంజన్ చల్లగా ఉందా వేడెక్కిందా, ఏ గేరు, ఏసీ ఉందా, వాన పడిందా, ఎక్కడ. బండి నడుపుతూ రాయలేను కదా, పక్కన ఆపగానే గుర్తున్నంత వరకు. పదకొండు ఎంట్రీలు అయ్యాయి. మొదటి రెండూ వాన రోజులే కావడంతో తడి వల్లే అనుకున్నాను. మూడోది ఎండలో వచ్చి ఆ లెక్క చెరిపేసింది. మొత్తం చూస్తే ఆరు మా ర్యాంప్ మీద, మూడు కె.ఆర్.పురం తూగు సేతువె (వేలాడే వంతెన) ఎక్కేటప్పుడు. అన్నీ ఫస్ట్ గేర్లోనో సెకండ్ గేర్లోనో, క్లచ్ వదిలి ఎత్తు ఎక్కుతున్నప్పుడే. మిగతా రెండు స్పీడ్ బ్రేకర్ల దగ్గర. స్పీడ్ బ్రేకర్ల సంగతి అప్పటికి అర్థం కాలేదు.

స్టీరింగ్ కింద గుచ్చే బ్లూటూత్ స్కానర్ ఒకటి కొన్నాను, అగ్గిపెట్టెంత ఉంటుంది. పీ0303 అనే మిస్సింగ్ కోడ్ చూపించింది. చివరి అంకె సిలిండర్ నంబరు. మూడోది అలుగుతోందన్నమాట. ఏ సిలిండరో తేలకపోతే పీ0300 అని వస్తుందట. కంప్యూటర్ సిలిండర్ లోపలికి తొంగి చూడదు. క్రాంక్ (సిలిండర్లు తిప్పే ఇరుసు) తిరిగే వేగాన్ని కొలుస్తూ ఉంటుంది, ఒక దెబ్బ పడకపోతే ఆ లిప్తపాటు వేగం తగ్గుతుంది, అది ఎవరి వంతో చూసి పేరు రాసుకుంటుంది. చదివాక కాసేపు ఆ పని మీద గౌరవం కలిగింది. అంకుల్ సిద్ధాంతం కూడా అక్కడితో ఆగింది. నాలుగు సిలిండర్లకూ వెళ్లేది అదే ట్యాంకులో పెట్రోల్ కదా, మూడోదానికి మాత్రమే ఎందుకు పడదు?

టి.సి.పాళ్య రోడ్డులో ఒక చిన్న షెడ్డు మెకానిక్ అన్న ఉన్నాడు. ముళబాగిలు వైపు మనిషి, తెలుగూ కన్నడా ఒకే వాక్యంలో మాట్లాడతాడు. పోయిన శనివారం ఆయన దగ్గరికి వెళ్తే నోట్స్ మొత్తం ఓపిగ్గా విన్నాడు, అదే నాకు సగం ఊరట. ఆ రోజు మూడో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది) తీసి ఒకటోదానికి, ఒకటోది మూడోదానికి వేశాడు. తప్పు కాయిల్‌దైతే ఈసారి కోడ్ పీ0301 రావాలి. ప్లగ్గులు కూడా అలాగే మార్చబోతుంటే వద్దన్నాను. రెండూ ఒకేసారి కదిపితే దొంగ ఎవరో తెలియదు. "పోలీసు పనా అక్కా నీది?" అని నవ్వాడు. సోమవారం మళ్లీ 0303 వచ్చింది. కాయిల్ కాదు. బుధవారం ప్లగ్గులు మార్చాం, శుక్రవారం పొద్దున మళ్లీ 0303. ప్లగ్గు కూడా కాదు.

ఆయన షెడ్డున్న వీధి బల్లపరుపు. అక్కడ ఏం చేసినా రాదు. అందుకని ఇవాళ పొద్దున ఆయన్నే మా బేస్‌మెంట్‌కి రమ్మన్నాను.

వచ్చీ రాగానే ర్యాంప్ మీద రెండుసార్లు ఎక్కించి దింపమన్నాడు. రెండోసారి కుదిపింది. ఎంత సంతోషమేసిందో! బండి చెడిపోయిందని చప్పట్లు కొట్టేది నేనొక్కదాన్నేనేమో. వెంటనే ఆపించి, కాలుతున్న ఇంజన్ మీదే మూడో ప్లగ్గు విప్పి వాసన చూశాడు. "పొడిగా ఉంది చూడక్కా. స్పార్క్ రాకుంటే పెట్రోలు కాలక మిగిలిపోయి తడి తగులుతాది." అంటే మంట రాకపోవడం కాదు, పెట్రోలే అందట్లేదేమో. ఇది అనుమానమే, రుజువు కాదు అని కూడా ఆయనే అన్నాడు.

తర్వాత చేసింది నేను ఎన్నడూ చూడనిది. బానెట్ తెరిచే ఉంచి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, బ్రేక్ తొక్కి పట్టుకుని, ఫస్ట్ గేర్ వేసి క్లచ్ కొంచెం కొంచెంగా వదలమన్నాడు. ఎదురుగా కాకుండా పక్కకు నిలబడ్డాడు. బండి కదలదు గానీ ఇంజన్ కదులుతుంది. ఒక పక్కకు ఒరిగి పైకి లేస్తుంది. మాది కావలసినదానికంటే ఎక్కువే లేచింది. లేచినప్పుడల్లా టుక్‌మని మిస్సింగ్. వదిలితే మామూలే. ఐదుసార్లు చేస్తే నాలుగుసార్లు వచ్చింది. మూడు వారాలుగా దొరకనిది, నిలబెట్టిన బండిలో కావాలన్నప్పుడల్లా వస్తోంది.

గేర్ తీసేసి, ఇంజన్ ఊరికే తిరిగేలా ఐడిలింగ్‌లో ఉంచి, మూడో ఇంజెక్టర్ (సిలిండర్‌కి పెట్రోల్ చిమ్మేది) వైరు పట్టుకుని వేలితో మెల్లగా అటూ ఇటూ ఆడించాడు. ఇంజన్ వణికింది. వదిలాడు, సర్దుకుంది. మళ్లీ ఆడించాడు, మళ్లీ వణికింది. వైరుని ఆ ఇంజెక్టర్‌కి తగిలించే కప్లర్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ లాక్ విరిగిపోయి ఉంది. వేడికి ఎండి గుల్లబారిందో, ఎప్పుడో ఎవరి చేతిలోనైనా విరిగిందో. కప్లర్ ఊరికే కూర్చుని ఉంది అంతే. ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే మౌంట్ రబ్బరు అరిగిపోయింది కాబట్టి ఎత్తు ఎక్కినప్పుడు ఇంజన్ ఒరుగుతుంది, వైరు లాగుతుంది, కప్లర్ ఒక నూలు వాసి బయటికి జరుగుతుంది, ఇంజెక్టర్ తెరుచుకోదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర జరిగేదీ అదే. ఐడిలింగ్‌లో నిమిషానికి 800 చుట్లు అనుకుంటే, రెండు చుట్లకో దెబ్బ కాబట్టి ఒక్కో సిలిండర్‌కి 400 దెబ్బలు. అర సెకను వైరు వదిలినా మూడు దెబ్బలు పోతాయి. ఇంజెక్టర్ సర్క్యూట్‌కి వేరే కోడ్ ఉంటుందిగా, అది ఎందుకు పడలేదు అని అడిగాను. "అది పడేంత సేపు కట్ కావట్లేదేమో అక్కా" అన్నాడు.

కొత్త కప్లర్ కోసం ఆయన కుర్రాడు బైక్ మీద జె.సి. రోడ్డుకి వెళ్లాడు. శనివారం ట్రాఫిక్‌లో రెండున్నర గంటలు. ఈలోపు పైన చిత్రాన్నం కలిపి కిందకి తెచ్చాను, కార్టన్ పెట్టె మీద పెట్టుకుని తిన్నాం. మా ఆయన కూడా వచ్చి వైరు ఆడించి చూశాడు, మూడుసార్లు. తర్వాత అమ్మేద్దాం అన్న మాట ఎత్తలేదు. వైర్లు కలిపి టంకం వేసి, స్లీవ్ తొడిగి, కప్లర్ నొక్కితే లాక్ టక్‌మంది. మొత్తం తొమ్మిది వందలు తీసుకున్నాడు. ప్లగ్గులకి పోసిన ఏడు వేలు గుర్తొచ్చి కాసేపు కడుపు మండింది, మంచి ప్లగ్గుల్ని పారేయించుకున్నందుకు ఇంకాసేపు.

సాయంత్రం ర్యాంప్ పదిసార్లు ఎక్కించాను. వాచ్‌మన్ నన్ను చూసే తీరు మారింది. ఒక్కసారీ రాలేదు. అయినా నోట్స్ డిలీట్ చేయలేదు, ఇంకో రెండు వారాలు ఉండనీ. మౌంట్ మంగళవారం వస్తుందట, అది మార్చేదాకా హైవే ఎక్కొద్దన్నాడు అన్న.

రేపు అనంతపురం వెళ్దామనుకున్నది ఆగింది. అమ్మకి ఫోన్ చేసి కప్లర్, మౌంట్ అని అంతా వివరిస్తుంటే మధ్యలోనే ఆపేసింది. "సరేలే, వచ్చేవారం రండి. గోంగూర పచ్చడి యాడికీ పోదు."