ఎల్క్ వేటలో టెంట్ ఎక్కడ వేయాలి?

వాగు పక్కన చదునైన నేల, ఎదురుగా పచ్చిక కనిపిస్తే చాలు, టెంట్ అక్కడే వేసేయాలనిపిస్తుంది. అమెరికాలోని కొలరాడో కొండల్లో సెప్టెంబర్‌లో విల్లు పట్టుకుని వెళ్లేవాళ్ల వేట చాలాసార్లు చెడేది ఇక్కడే. సాయంత్రం ఎల్క్‌లు (పెద్ద జాతి జింకలు) మేతకు దిగేది ఆ పచ్చికలోకే మరి.

ఎల్క్ కంటినీ చెవినీ ఏమార్చవచ్చు, ముక్కును ఏమార్చలేం. అందుకే నీళ్ల కంటే ముందు గాలి చూసుకోవాలి. ఎండ ఎక్కాక వాలు వేడెక్కి గాలి పైకి పాకుతుంది. పొద్దు వాలాక చల్లబడి, బరువెక్కి, వాగుల వెంట కిందికి జారుతుంది. తెల్లారి ఎండ తగిలేదాకా అదే వరస. రాత్రంతా మన చెమట వాసన, పొయ్యి పొగ కింది లోయలోనే చేరతాయన్నమాట. కాబట్టి వేటాడాలనుకున్న లోయకు ఎగువన మకాం పెట్టకూడదు. మధ్యలో ఒక కొండ వెన్ను అడ్డం ఉండేలా పక్క లోయలో, మైలు దూరంలో ఉంటే మేలు. మరీ దూరం పోయినా ఇబ్బందే: చీకట్లో రెండు గంటలు ఎక్కి, చెమటతో తడిసి, కదలకుండా కూర్చుంటే వణుకు పుడుతుంది.

పగలు ఎల్క్‌లు ఉత్తరపు వాలు మీద, దట్టమైన స్ప్రూస్, ఫర్ చెట్ల నీడలో పడుకుంటాయి. అటువైపు పోవద్దు. అవి పొర్లాడే బురద గుంటల దగ్గరా, రెండు శిఖరాల మధ్య పల్లంలోనూ వద్దు. ఆ పల్లం వాటి రహదారి, పైగా గాలి టెంట్‌ను నిలవనివ్వదు.

ఇక మిగిలేది వాలు మధ్యలో మెట్టులా ఉండే చదును. లోయ అడుగున చల్లగాలి నిలిచిపోయి తెల్లారేసరికి టెంట్ లోపలంతా తడిసిపోతుంది. వంద, నూటయాభై అడుగులు పైకెక్కితే చలి తేడా తెలుస్తుంది. కొండ వెన్ను మీద మాత్రం వద్దు, మధ్యాహ్నం ఉరుములు మొదలైతే దాక్కునే చోటుండదు.

టెంట్ పరిచేముందు తలెత్తి చూడండి. 1996 నుంచి పైన్ బీటిల్ పురుగు కొలరాడోలో లక్షల ఎకరాల లాడ్జ్‌పోల్ పైన్ చెట్లను చంపింది. ఎండిన మాను గాలి లేకపోయినా కూలుతుంది. దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్లు దూరం జరగాలి. చిన్న ఎండు కొమ్మ చెట్టుకే వేలాడుతున్నా అక్కడ పడుకోకూడదు.

నీళ్లకు కనీసం 200 అడుగులు ఎడం ఉంచండి. మ్యాప్‌లో తెగిన నీలి గీతగా కనిపించే వాగు సెప్టెంబర్‌కల్లా ఎండిపోయి ఉండవచ్చు. పది లీటర్లు పట్టే మడత సంచి ఉంటే నీటి పక్కనే మకాం పెట్టాల్సిన అవసరం రాదు.

చాలామంది మరిచిపోయేది మాంసం సంగతి. పెద్ద మగ ఎల్క్‌ నుంచి ఎముకలు తీసేశాక సుమారు 200 పౌన్ల మాంసం వస్తుంది. ఒక్కరే మోస్తే 60, 70 పౌన్ల చొప్పున కనీసం మూడు ట్రిప్పులు. అందుకే వేట చోటుకూ కారుకూ మధ్య మకాం ఉండాలి. కారు వైపు వచ్చేటప్పుడు పెద్ద ఎక్కుడు తగలకూడదు. మాంసాన్ని గాలి ఆడే గుడ్డ సంచుల్లో, ఎండ తగలని చోట, టెంట్‌కు వంద గజాల అవతల వేలాడదీయాలి. వెనక తొడ ఎముకతో అలాగే వదిలేస్తే లోపలి వేడి బయటికి పోక, ఎముక చుట్టూ పాచిపోతుంది. ఎలుగుబంట్ల వల్ల తిండిదీ ఇదే పద్ధతి: నేల నుంచి పది అడుగుల పైన, మానుకు నాలుగు అడుగుల ఎడంగా. వ్యోమింగ్, మోంటానా రాష్ట్రాల్లో గ్రిజ్లీలనే పెద్ద ఎలుగుబంట్లు తిరిగేచోట ఇది చట్టం కూడా. వ్యోమింగ్‌లో ఫెడరల్ వైల్డర్‌నెస్ (కేంద్ర ప్రభుత్వం సహజంగానే ఉంచి కాపాడే అడవి) ప్రాంతాల్లో బయటి రాష్ట్రంవాళ్లు గైడ్ గానీ, అనుమతి పొందిన స్థానికుడు గానీ తోడు లేకుండా ఎల్క్‌ను వేటాడకూడదు. స్థలం వెతకకముందే అది చూసుకోండి.

టెంట్ వేసే పని ఎల్క్‌లు పడుకునే మధ్యాహ్నమే ముగించండి. సాయంత్రం నాలుగు దాటాక మేకులు కొట్టే చప్పుడు వద్దు. రెండు ఉదయాలు వరుసగా చుట్టుపక్కల ఒక్క మగ ఎల్క్ అరుపూ, తాజా పేడా లేకపోతే మకాం ఎత్తేసి ఇంకో లోయకు మారండి.