కాజా టోల్‌గేటు దగ్గర తడి తువ్వాలు

నాన్న 1973లో కొన్న కారును మొన్న ఆదివారం పాత కార్ల ర్యాలీకి తీసుకెళ్ళాను. బెజవాడ నుంచి గుంటూరు దాకా. కాగితాల్లో దాని పేరు ప్రీమియర్ ప్రెసిడెంట్. మరుసటి ఏడాది కంపెనీ వాళ్ళు అదే బండికి పద్మిని అని పేరు మార్చారు. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఫియట్టే.

యాభై ఏళ్ళు దాటిన బండికి 20 వేలు కట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, నంబరులో ‘వీఏ’ అని వస్తుంది. చేయించుకోమని చాలామంది చెప్పారు. కానీ ఆ తర్వాత రోజూ తిప్పకూడదు. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, రిపేరుకో మాత్రమే బయటికి తీయాలి. నేనింకా దీంట్లోనే రైతుబజారుకి వెళ్తాను. ఆ గౌరవం నాకొద్దు.

ర్యాలీ అంటే రేసు కాదు. ముందు చేరినా మార్కులు కోస్తారు, ఆలస్యంగా చేరినా కోస్తారు. మాకిచ్చిన సగటు గంటకి 36 కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకి సరిగ్గా 100 సెకన్లు. వినడానికి ఎంత సులువు! మా మీటరేమో ప్రతి పది కిలోమీటర్లకీ అర కిలోమీటరు తక్కువ చూపిస్తుంది. పక్కసీట్లో నా మేనకోడలు, ఒళ్ళో నోట్‌బుక్కు, చేతిలో స్టాప్‌వాచ్. “మామయ్యా, పన్నెండు సెకన్లు ముందున్నాం, తగ్గించు” అంటుంది. స్టీరింగ్ పక్కన ఉండే గేరు కిందికి లాగేలోపు “ఇప్పుడు వెనకబడ్డాం” అంటుంది.

అందానికి వేరే బహుమతి ఉందని ముందు వారమంతా బానెట్ కింద తోముతూ కూర్చున్నాను. ఇంజను పక్కన పెట్రోలు పైపుకి మసిపట్టిన తాడేదో చుట్టి ఉంది. ఊడదీసి పారేశాను. లోపల రాగి గొట్టం. బ్రాసోతో రుద్దితే పెళ్ళివారి బిందెలా మెరిసింది.

ఏడింటికి జెండా ఊపాల్సిన ముఖ్య అతిథి తొమ్మిదిన్నరకి వచ్చారు. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. స్టేడియం దగ్గర బయల్దేరి ప్రకాశం బ్యారేజీ ఎక్కేసరికి ట్రాఫిక్ నత్తనడక. బ్యారేజీ 1957ది, మా బండి కంటే 16 ఏళ్ళు పెద్దది, దాని మీద కాస్త నెమ్మదిగా పోతే తప్పేంలేదు అనుకున్నాను. సీతానగరం, ఉండవల్లి, మంగళగిరి దాటి కాజా టోల్‌గేటు క్యూలో నిలబడ్డామో లేదో, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు.

బానెట్ ఎత్తి చూస్తే అర్థమైంది. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతోంది. పంపు ఆవిరినే లాగుతోంది తప్ప కార్బొరేటర్‌కి చుక్క అందడం లేదు. తువ్వాలు తడిపి పంపు మీదా గొట్టం మీదా కప్పి అవి చల్లారేదాకా ఆగడమే మందు. మా నీళ్ళసీసాలు రెండూ అయిపోతే వెనక లారీ క్లీనర్ కుర్రాడు క్యాన్ తెచ్చి పోశాడు. ఈలోగా చుట్టూ జనం, సెల్ఫీలు. ఒకాయన హెల్మెట్ కూడా తీయకుండా “అమ్ముతారా అన్నా?” అన్నాడు. ఆ క్షణాన బేరమాడకుండా ఇచ్చేసేవాణ్ణి. మా వెనక బయల్దేరిన అంబాసిడర్ పెద్దాయన హారన్ కొట్టి చెయ్యూపుతూ పోయాడు. ఆ హారన్ జాలికో వెక్కిరింపుకో ఇప్పటికీ తేలలేదు.

గుంటూరు చేరేసరికి 23 నిమిషాలు ఆలస్యం. అందం చూసే జడ్జీ బానెట్ ఎత్తమన్నారు. తడి తువ్వాలు ఇంకా అక్కడే ఉంది. “ఇది కంపెనీ ఫిట్టింగేనా?” అని ఆయన అడిగితే మా మేనకోడలు పడీపడీ నవ్వింది.

సోమవారం ఆటోనగర్ వెళ్ళాను. మా మేస్త్రి నాన్న కాలం నుంచీ ఈ బండి చూస్తున్నాడు. బానెట్ కింద ఆ మెరుపు చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“దీనికి చుట్టిన తాడేదీ?”

“పారేశాను.”

“అది ఆస్బెస్టాస్ తాడు బాబూ. గొట్టానికి వేడి తగలకుండా చుట్టింది. మీ నాన్నగారు తిరుపతి కొండ మీద ఆగిపోయొచ్చాక నేనే చుట్టాను.”

లోపలికెళ్ళి కొత్త చుట్ట తెచ్చి, మెరుస్తున్న రాగి కనబడకుండా ఒక్కో వరసా బిగించి చుట్టాడు. టీతో కలిపి 150 తీసుకున్నాడు.