లిఫ్ట్ దగ్గర వరసలో

కావలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో బావిలోకి దూకి మా తమ్ముడు మెడ విరగ్గొట్టుకున్నాడు. ఏటా వేసవి సెలవుల్లో దూకే బావే అది. ఆ ఏడు నీళ్లు బాగా తగ్గిపోయాయని చూసుకోలేదు. అప్పటికి వాడికి 19 ఏళ్లు.

చెన్నైలో ఆపరేషన్, ఆ తర్వాత మూడు నెలలు వేలూరులో. 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద భాగం చచ్చుబడిపోయినా, తనే వీల్‌చైర్‌లో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ పనిచేసిన ఊరు అది. అక్కడ మాకు పని నేర్పించి పంపారు. చెన్నై విల్లివాక్కంలో మా ఇంటికి వచ్చాక రెండు గంటలకోసారి వాణ్ణి పక్కకి తిప్పాలి, లేకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. రాత్రిళ్లు అలారం పెట్టుకుని అమ్మా నేనూ వంతులు వేసుకునేవాళ్లం.

ప్రార్థన చేయడానికి చాలామంది వచ్చేవాళ్లు. ప్రేమతోనే వచ్చారు, క్యారియర్లలో అన్నం తెచ్చారు. కానీ ఒకాయన వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఈ ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువగా ఉందమ్మా" అన్నాడు. లోపల తమ్ముడు విన్నాడు. నాలుగు రోజులు సరిగ్గా తినలేదు.

అప్పుడే, వేలూరులో ఒక నర్సు చెప్పిన పేరు గుర్తొచ్చి జోనీ ఎరెక్సన్ టాడా పుస్తకం తెప్పించాను. రోజూ రెండు పేజీలు చదివి, వాడికి తెలుగులో చెప్పేదాన్ని.

జోనీది అమెరికాలో బాల్టిమోర్. 1967 జులై 30న చెసపీక్ బేలో లోతు లేని చోట దూకింది. 17 ఏళ్ల పిల్ల. మెడ విరిగింది. "మళ్లీ చదువక్కా" అన్నాడు తమ్ముడు. దాదాపు రెండేళ్లు ఆసుపత్రుల్లోనే. ఒక ఫ్రేముకి కట్టి బోర్లా, వెల్లకిలా తిప్పుతుండేవాళ్లు. ఒక దశలో, చచ్చిపోవడానికి సాయం చేయమని స్నేహితురాలిని బతిమాలింది. అక్కడికి వచ్చాక ఇది వాడికి చెప్పాలా వద్దా అని ఆగిపోయాను. చెప్పాను. వాడు కళ్లు మూసుకుని, "నేనూ నిన్ను అడుగుదామనుకున్నా" అన్నాడు.

ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ప్రమాదం జరిగాక అలా మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

తర్వాత ఆమె నోట్లో బ్రష్ పట్టుకుని బొమ్మలు వేయడం నేర్చుకుంది. 1976లో ఆత్మకథ వచ్చింది. 1979లో దాన్ని సినిమా తీస్తే తన పాత్ర తనే వేసింది. అదే ఏడు వికలాంగుల కోసం సంస్థ పెట్టింది. పాత వీల్‌చైర్లను అమెరికా జైళ్లలో ఖైదీలు బాగుచేస్తే, వాటిని వేరే దేశాలకు పంపుతారు. పుస్తకాలు 40కి పైనే. 2010లో రొమ్ము క్యాన్సర్ కూడా వచ్చింది.

ఇవన్నీ గొప్పవే. కానీ మా ఇంటిని నిలబెట్టింది ఆమె తన ప్రసంగాల్లో చెప్పే ఒక సంగతి. యవ్వనంలో ఎంతో ఆశతో ఒక స్వస్థత కూటానికి వెళ్లింది. కూటం ఇంకా ముగియకుండానే, రద్దీ అవుతుందని వీల్‌చైర్ల వాళ్లను ముందుగా బయటికి పంపేశారు. లిఫ్ట్ కోసం వాళ్లంతా వరసలో ఉన్నారు, మౌనంగా. విశ్వాసం లేకనా వాళ్లు అంత దూరం వచ్చింది?

యోహాను సువార్త 5వ అధ్యాయంలో బేతెస్ద కోనేటి దగ్గర, 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్న మనిషిని బాగుచేసినట్టే తననూ యేసు బాగుచేస్తాడని ఆమె ఎదురుచూసింది. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత యెరూషలేములో అదే కోనేటి దగ్గరికి వెళ్లినప్పుడు, బాగుచేయనందుకు ఆయనకు కృతజ్ఞత చెప్పింది. తమ్ముడు ఇంకా ఆ మాట అనలేకపోతున్నాడు. నేనూ అనలేను. అనమని వాణ్ణి ఎవరూ తొందరపెట్టకూడదని మాత్రం అందరికీ చెప్తున్నాను.

ఇది ఆరో ఏడు. మా సంఘంలో మెట్ల పక్కన సిమెంటుతో వాలు కట్టారు. వచ్చే ఆదివారం సాక్ష్యం, అంటే దేవుడు తన జీవితంలో ఏం చేశాడో, చెప్పమని పాస్టర్ గారు తమ్ముణ్ణి అడిగారు. "నేను లేచి నడవలేదు కదక్కా, ఏం చెప్పను?" అన్నాడు. కాసేపటికి వాడే, "లిఫ్ట్ దగ్గర నిలబెట్టిన వాళ్ల గురించి చెప్తాను, రాసుకో" అన్నాడు. ఇప్పటికి ఒక పేజీ అయింది.