ఒట్టు అడగని గది

ఈ రోజు బుధవారం. ఆఫీసులో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. సాయంత్రం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగి, పది నిమిషాలు నడిచి, తాగుడు మానాలనుకునేవాళ్ళ మీటింగుకు చేరుకున్నాను. తాగుడు మానేసి ఇవాళ్టికి 214 రోజులు. ఇంటికి దగ్గరలో మరో గ్రూపు ఉన్నప్పటికీ మొదట్లో ఇంత దూరం వెళ్ళడానికి కారణం, తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనన్న భయమే. పట్టపగలు వైన్స్ ముందు నిలబడినప్పుడు కలగని సిగ్గు, మానడానికి వెళ్ళే చోటి గడప దగ్గర కలిగింది. డాక్టరు గారు మందుల చీటీ వెనుక రాసిచ్చిన ఈ చిరునామా మూడు వారాల పాటు నా పర్సులోనే నలిగిపోయింది.

మీటింగు జరిగేది ఒక బడిలోని తరగతి గదిలో. పిల్లల కోసం చేయించిన బెంచీలు కావడంతో మోకాళ్ళు బల్లకు తగులుతుంటాయి. నల్లబల్ల మీద ఎవరో టీచరు వేసిన భిన్నాల లెక్కలు అలాగే ఉన్నాయి. ప్రవేశ రుసుము లేదు, సంతకం లేదు, ఇంటిపేరు ఎవరూ అడగరు. ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో చేరడానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. చివర్లో చందా సంచీ తిప్పుతారు కానీ, అందులో వేయాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. బయటివారి విరాళాలు ఎంతిస్తామన్నా తీసుకోరు.

ఇవాళ్టిది ఓపెన్ మీటింగు కాబట్టి కుటుంబసభ్యులు కూడా రావచ్చు. ముప్పై అయిదేళ్ళ మనిషిని భార్య వెంటబెట్టుకుని వచ్చింది. అతను చివరి బెంచీలో తల వంచుకుని కూర్చున్నాడు. ఆవిడ మాత్రం నిలబడే, మా గ్రూపులోని పెద్దాయనతో, "అన్నా, మీరంతా పెద్దవాళ్ళు. ఈయన చేత ఇక్కడ ఒట్టు వేయించండి, మీ అందరి ముందు వేస్తే నిలబడతాడు" అన్నది.

ఆ మాట వినగానే నా గుండె కలుక్కుమంది. నేను వేసిన ఒట్లు నాకు గుర్తున్నాయి. యాదగిరిగుట్టలో వేశాను, మా అమ్మ చేతిలో చేయి వేసి చెప్పాను. మూడేళ్ళు వరుసగా అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టలేదు. మాల తీసిన వారం తిరక్కుండానే, 41 రోజులు ఆగగలిగినవాణ్ణి ఎప్పుడైనా ఆగగలనన్న ధైర్యంతో మళ్ళీ మొదలుపెట్టాను. దీక్షను తప్పు పట్టడం లేదు. ఆ రోజుల్లో నేను నిజంగానే మనిషిగా బతికాను. కానీ జీవితాంతం తాగనని చేసే ప్రతిజ్ఞ ఒక్క పెగ్గుతో మొత్తం కూలిపోతుంది, కూలిన తరువాత ఆ అవమానాన్ని మరిచిపోవడానికి మళ్ళీ తాగడం తప్ప నాకు వేరే దారి కనిపించేది కాదు. చివరిసారి మా అబ్బాయి తల మీద చేయి పెట్టబోతే, తొమ్మిదేళ్ళ పిల్లవాడు, ఏమీ అనకుండా తల పక్కకు జరుపుకున్నాడు.

పెద్దాయన ఆవిడను కూర్చోబెట్టి, "అమ్మా, ఇక్కడున్న వాళ్ళమంతా ఒట్లు వేసి, తప్పి వచ్చినవాళ్ళమే. మేము ఒట్టు అడగం. ఈ రాత్రి పడుకునేదాకా తాగకుండా ఉంటే చాలు, రేపటి సంగతి రేపు చూద్దాం" అన్నారు. టీ అందుకునేటప్పుడు ఆవిడ భర్త చేయి వణికి పేపరు కప్పులోంచి టీ ఒలికింది. రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చని, ప్రాణం మీదికి కూడా రావచ్చని పెద్దాయన వివరించి, రాత్రికి ఏమాత్రం తేడా కనిపించినా అత్యవసర విభాగానికి వెళ్ళమని, లేకపోతే పొద్దున్నే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకువెళ్ళి డాక్టరు చెప్పినట్టే చేయమని, మీటింగు వైద్యానికి బదులు కాదని గట్టిగా చెప్పారు.

తరువాత ఒక్కొక్కరం మాట్లాడాము. ఒకరు చెబుతుంటే మరొకరు అడ్డుపడరు, సలహా ఇవ్వరు. తాగేవాడికి ఊళ్ళో ప్రతివాళ్ళూ నీతులు చెబుతారు కనుక, మౌనంగా వినే పాతికమంది ఎదురుగా కూర్చోవడం ఎంత పెద్ద సంగతో నాకు ఇక్కడే తెలిసింది. ఇవాళ ఒకాయన ఈ ఉద్యమం మొదలైన తీరు చెప్పారు. 1935లో బిల్ అనే న్యూయార్కు వ్యాపారి, అమెరికాలోని ఆక్రన్ నగరంలో తన పని చెడిపోయి, హోటల్లో బారు పక్కనే ఒంటరిగా నిలబడినప్పుడు, లోపలికి వెళ్ళకుండా ఫోను దగ్గరకు వెళ్ళి, తనలాంటి తాగుబోతు ఎవరైనా మాట్లాడడానికి దొరుకుతారేమోనని వాకబు చేశాడు. అలా దొరికిన బాబ్ అనే డాక్టరు చివరిసారి తాగిన జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు.

బయలుదేరేముందు ఆ కొత్త మనిషికి నా నంబరు రాసిచ్చాను. అతను చూడకుండానే జేబులో పెట్టుకున్నాడు, చేస్తాడనుకోలేదు.

ఇది రాస్తుండగా, పదకొండు దాటాక, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. "ఏం లేదండీ, నిద్ర పట్టక చేశాను" అన్నాడు. చేయి వణుకు ఎలా ఉందని ముందుగా అడిగాను. అలాగే ఉందని, పెరగలేదని, భార్య పక్కనే కూర్చుని ఉందని చెప్పాడు. ఏం తిన్నారని అడిగితే పెరుగన్నం అన్నాడు. పెన్ను పక్కన పెట్టి, మా వాడి నిద్ర చెడకుండా వరండాలోకి వచ్చి మాట్లాడుతూ కూర్చున్నాను.