ఏప్రిల్ చిత్రం ఒక్కటి చూసి శేషాచలం మంటను అంచనా వేయొద్దు

శేషాచలానికి కార్చిచ్చు ముప్పు మ్యాపు వేసేవాళ్లలో చాలామంది ఏప్రిల్‌లో ఒక సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం దించుకుని, ఎన్‌డీవీఐ (పచ్చదనాన్ని కొలిచే సూచిక) తక్కువున్న చోటల్లా ఎరుపు పూసేస్తారు. అప్పుడు అందరికంటే ముందు ఎర్రబడేది తిరుమల చుట్టూ ఉన్న రాతి చరియలే. బండ కాలదు కదా!

మనది ఆకురాల్చే అడవి. ఎండలు ముదిరేసరికి ఎర్రచందనంతో సహా చాలా చెట్లు ఆకు దులిపేస్తాయి. పైనుంచి పచ్చదనం పోయినట్టు కనబడినా, కాలే సరుకంతా ఎండాకుగా, ఎండుగడ్డిగా నేలమీదే ఉంటుంది. అందుకే రెండు లెక్కలు కావాలి. ఈశాన్య రుతుపవనాల వానలు ఆగాక, డిసెంబరు ఆఖర్లో ఎన్‌డీవీఐ తీస్తే గడ్డి ఎంత పెరిగిందో తెలుస్తుంది. ఫిబ్రవరి నుంచి ఎన్‌డీఎంఐ (ఆకుల్లో తేమను కొలిచే సూచిక) చూస్తే తేమ ఎంత వేగంగా దిగుతోందో తెలుస్తుంది. దీనికి ఆ చిత్రంలోని 8ఏ, 11 బ్యాండ్ల (వేర్వేరు కాంతి తరంగాల్లో తీసిన పొరల) తేడాను వాటి మొత్తంతో భాగించాలి. ఇవి 20 మీటర్ల బ్యాండ్లు, అంటే ఒక్కో పిక్సెల్ (చిత్రంలోని చిన్న గడి) నేలపై 20 మీటర్లు. 10 మీటర్ల ఎన్‌డీవీఐని కూడా 20కే తెచ్చుకోండి, 11వ బ్యాండును 10 మీటర్లకు సాగదీస్తే కొత్త వివరమేమీ పుట్టదు.

పాత ఏడాదులతో పోల్చేటప్పుడు ఒక గొయ్యి ఉంది. 2022 జనవరి 25 నుంచి వచ్చిన చిత్రాల్లో ప్రతి విలువకూ 1000 కలిపి ఇస్తున్నారు. అది తీసేయకుండా లెక్కిస్తే అడవంతా ఒక్కసారిగా ఎండినట్టు వస్తుంది. గూగుల్ ఉపగ్రహ చిత్రాల వేదిక ఎర్త్ ఇంజిన్‌లో అయితే 'హార్మొనైజ్డ్' సేకరణ వాడితే సరి. ఇక డిసెంబరులో ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి వాయవ్యం వైపు చరియలు నీడలో ఉంటాయి. మేఘాలతోపాటు ఆ నీడనూ తీసేయాలి.

వాలుకు 30 మీటర్ల ఎస్ఆర్‌టీఎం (నేల ఎత్తుల డేటా) చాలు. వాలు 10 డిగ్రీలు పెరిగితే పైకి పాకే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని లెక్క. నిప్పు పెట్టేది ఎక్కువగా మనిషే కాబట్టి అలిపిరి, శ్రీవారి మెట్టు దారులకు, ఘాట్ రోడ్లకు ఎంత దూరమో తప్పక కలపాలి.

సరిచూడటానికి వీఐఐఆర్ఎస్ (మంట వేడిని పసిగట్టే ఉపగ్రహ పరికరం) ఇచ్చే మంట గుర్తులున్నాయి. గుర్తు పడేది 375 మీటర్ల గడి మధ్యలో, మంట ఆ గడిలో ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి గుర్తు కింది ఒక్క పిక్సెల్ కాదు, గడి మొత్తం చూడాలి. చంద్రగిరి వైపు పొలాల్లో చెరకు ఆకు తగలబెట్టినా గుర్తు పడుతుంది, వాటిని ముందే ఏరేయండి. ముప్పు అంచనా వేసే మోడల్‌కు పాత ఏడాదులతో నేర్పి, కొత్త ఏడాదిపై పరీక్షించండి. గుర్తులను కలగాపులగంగా రెండు భాగాలు చేస్తే ఒకే మంట రెండు వైపులా చేరి, లేని మార్కులు వస్తాయి.

డిసెంబరు మ్యాపును జనవరిలోనే అటవీశాఖకు, గార్డుల బీట్‌ల వారీగా ఇస్తే ఫైర్ లైన్లు (మంట దాటకుండా ఎండుగడ్డి, ఆకు తీసేసే పట్టీలు) గీయడానికి పనికొస్తుంది. ఎన్‌డీఎంఐని ఆ తర్వాత ఐదు రోజులకోసారి మార్చుకుంటూ పోవచ్చు.