మెడల లెక్క ఎక్కడ తప్పిందంటే: కాటుక పచ్చిమాంసం, ఎనిమిదో వారం

మా కుక్క కాటుకకు పచ్చిమాంసం పెట్టడం మొదలుపెట్టి ఇది ఎనిమిదో వారం. మూడు వారాలుగా నన్ను పిచ్చోణ్ణి చేసిన సంగతి నిన్న చికెన్ కొట్టు ముందు నిలబడ్డప్పుడు తేలింది. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

మా రెండో కుక్క బొగ్గుగాడి సంగతి ఒక్క ముక్కలో: నాటు క్రాస్, 19 కిలోలు, ఏం పెట్టినా అరిగించుకుంటున్నాడు. గొడవంతా కాటుకతోనే. ముధోల్ అనే వేటకుక్క జాతి ఆడది, మూడేళ్లు, 24 కిలోలు. యాసంగి పల్లిచేలో రాత్రి తొమ్మిదింటి నుంచి తెల్లారేదాకా అడవిపందుల కాపలా దానిదే. ఇంట్లో పడుకునే కుక్కకైతే ఒంటి బరువులో రెండు, రెండున్నర శాతం చాలు. దీని పరుగు చూసి మూడున్నర వేసుకున్నా. రోజుకు 840 గ్రాములు.

ఐదో వారంలో చికెన్ లెగ్ ముక్కలు ఖర్చని మానేసి కోడి మెడలకు మారాను. పెద్దకూర 380, మెడలు 300, కందనకాయలు 80, కార్జం 40, తిల్లి 40. మెడలో బొక్క 36 శాతమని నేను చూసిన పట్టికల్లో ఉంది. అంటే 108 గ్రాములు, మొత్తం తిండిలో 13 శాతం లోపే. పది దగ్గర ఉంటే మంచిదంటారు, కొంచెం ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నా.

నాలుగో రోజుకే దాని దొడ్డి (మలం) తెల్లబడింది. మామూలు తెలుపు కాదు, గంటసేపు ఎండ తగిలితే చెప్పు కొన తాకగానే ముగ్గుపిండిలా రాలిపోయేది. కాటుక ఒకచోట కూర్చుని ముక్కి, లేచి నాలుగడుగులేసి, మళ్లీ కూర్చునేది. ఒకరోజు ఐదుసార్లు లెక్కపెట్టా. బరువు కూడా 24 నుంచి 22.6కి దిగింది.

నీళ్లు చాలట్లేదేమో అనుకున్నా ముందు. పచ్చిమాంసం తినే కుక్క ఎలాగూ తక్కువ తాగుతుంది కదా. పళ్లెంలో 200 మి.లీ. నీళ్లు, మర్నాటి నుంచి పల్చటి మజ్జిగ. నాలుగు రోజులైనా తేడా లేదు. తర్వాత ఉడికించిన గుమ్మడికాయ 60 గ్రాములు. రంగు మారింది, ముక్కడం మారలేదు. కార్జం 70కి పెంచితే ఒక్కరోజు నల్లగా జారిపోయింది, తగ్గించగానే మళ్లీ ముగ్గుపిండే. సాయంత్రం ఆరింటికి పెట్టే తిండిని పొద్దున కాపలా దిగి, రొప్పు తగ్గిన గంటన్నరకు మార్చా. దీనివల్ల కూడా దొడ్డి బాగుపడలేదు గానీ ఆ వేళనే ఉంచేశా. ముధోల్ లాంటి లోతు ఛాతీ ఉన్న జాతులకు కడుపు నిండా తిని పరుగెడితే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. ఇన్నాళ్లు ఆరింటికి పెట్టి తొమ్మిదింటికి వదిలినందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

ఇక నిన్న. కొట్టు అబ్బాయి కోడి మెడ పట్టుకుని, చొక్కా చెయ్యి విప్పినట్టు తోలు ఒక్క గుంజు గుంజి డ్రమ్ములో పడేశాడు. పట్టికలో ఉన్నది తోలుతో ఉన్న మెడ! మన దగ్గర అందరూ స్కిన్‌లెస్ అడుగుతారు కాబట్టి నాకొచ్చేది బోడి మెడ.

ఇంటికొచ్చి 12 మెడలు ముందేసుకుని కూర్చున్నా. మొత్తం 385 గ్రాములు. చాకుతో కండంతా గీరితే 172, మిగిలిన బొక్క 213. అంటే 55 శాతం. ఈ లెక్కన రోజూ 300 గ్రాముల మెడల్లో 165 గ్రాములు బొక్కే, తిండిలో దాదాపు 20 శాతం. ముగ్గుపిండి రాక ఏం వస్తుంది? బరువు ఎందుకు తగ్గిందో కూడా ఇప్పుడు తెలుస్తోంది. రాత్రంతా తిరిగే కుక్కకు కొవ్వే ఇంధనం, నేనేమో తోలు లేని కోడి, కొవ్వు తీసిన కూర పెడుతున్నా.

"తోలు గూడ కావాల్నా అన్నా? చేపల చెరువోళ్లకు పోతది అది" అన్నాడు అబ్బాయి. కిలో ఊరికే ఇచ్చాడు.

మెడలు 140కి దించా, బొక్క తొమ్మిది శాతానికి వచ్చింది. తగ్గిన బరువు పెద్దకూరతో నింపి, ఆత్రంలో తోలు ఒకేసారి 60 గ్రాములు వేశా. ఇవాళ పొద్దున పసుపుపచ్చగా, జిగురుగా, పైన నూనె తేలుతూ! ఒక వాంతి కూడా. అలవాటు లేని కొవ్వు ఒక్కసారిగా పడితే క్లోమానికి దెబ్బ, తెలిసీ చేశా. ఇవాళ్టికి తోలు బంద్. కుదుటపడ్డాక 15తో మొదలుపెట్టి వారానికి పది చొప్పున పెంచుతా.

రాయల్ కానిన్ లాంటి కంపెనీ కుక్క తిండి సంచి డబ్బుతో పెద్దకూర వారాలకు వారాలు వస్తుందని నా వాదన. అలాగని బస్తా తిండిని తిట్టను. ఊరెళ్లినప్పుడు డ్రూల్సే దిక్కు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు పచ్చి చికెన్ పూర్తిగా మానేసి, బొక్కలు తీసి ఉడికించి పెట్టా. ఉడికిన బొక్క మాత్రం ఎప్పుడూ వద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది.

తర్వాత గొర్రె బోటి, కడగనిది, ప్రయత్నించాలని ఉంది. గొర్రె కార్జం, ఊపిరితిత్తుల్లో నీళ్ల బుడగలు కనిపిస్తే అది కుక్క నోటికి అందకుండా లోతుగా పూడ్చేయాలి. దాన్నుంచి కుక్కకు బద్దెపురుగు, దాని గుడ్ల నుంచి మనకు తిత్తులు. బద్దెపురుగు మందు ప్రాజిక్వాంటెల్ ఎన్నాళ్లకోసారి వెయ్యాలో డాక్టరుగారిని అడిగాకే బోటి సంగతి.

మెడలు వదిలేసి, బొక్కలోని కాల్షియం బదులు గుడ్డు పెంకు పొడి వేస్తే ఎలా ఉంటుందో కూడా చూడాలి. ఐదు గ్రాముల పొడిలో కాల్షియం సుమారు రెండు గ్రాములు, కొలత తప్పే బాధ ఉండదు. 30 పెంకులు డాబా మీద ఎండుతున్నాయి. మిక్సీ ఇమ్మని ఇంట్లో ఇంకా అడగలేదు.