అడ్వాన్స్‌డ్ చేద్దామని వెళ్లి...

మొన్న ఫిబ్రవరిలో వైజాగ్ వెళ్లింది అడ్వాన్స్‌డ్ స్కూబా కోర్సు చేసేద్దామనే. అండమాన్‌లోని హావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు పూర్తి చేసి ఏడాదిన్నరైంది. లాగ్‌బుక్‌లో అప్పటి 4 డైవులు తప్ప ఇంకేం లేవు. రూల్ ప్రకారం అడ్డేం లేదు, ఓపెన్ వాటర్ కార్డు ఉంటే పాడీ (డైవింగ్ శిక్షణ సంస్థ) వాళ్ల అడ్వాన్స్‌డ్ కోర్సు మర్నాడే మొదలుపెట్టొచ్చు. మొత్తం 5 డైవులు, అందులో లోతు, నావిగేషన్ తప్పనిసరి, మిగతా 3 మనిష్టం. అవి అయితే 18 మీటర్ల హద్దు కాస్తా 30కి వెళ్తుంది. అబద్ధమెందుకు, నాకు కావాల్సింది ఆ 30 అనే అంకే.

రుషికొండలో మాకు దొరికిన ఇన్‌స్ట్రక్టర్ నేవీలో డైవర్‌గా చేసి రిటైరైన పెద్దాయన, అందరూ మాస్టారు అనే పిలుస్తారు. నా లాగ్‌బుక్ తిరగేసి, "ముందు ఊరికే ఓసారి దిగుదాం బాబూ, కోర్సు సంగతి పైకొచ్చాక చూద్దాం" అన్నారు. డబ్బులిస్తానన్నా వద్దంటాడేంటి ఈయన అనుకున్నాను.

12 మీటర్లు. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి, నాలుగైదు మీటర్ల అవతల ఏమీ కనబడట్లేదు. నేను కిందికి జారినప్పుడల్లా బీసీడీలోకి (గాలి నింపితే పైకి తేల్చే జాకెట్టు) గాలి కొట్టడం, అది ఎక్కువై పైకి లేస్తే వదలడం, మళ్లీ జారడం, ఫిన్ను తగిలి ఇసకంతా లేచి మాస్టారి మొహం మీదికి పోవడం. ఓ రాతి సందులో లయన్ ఫిష్ ఉందని ఆయన వేలు చూపించారు గానీ, నేను పైకి తేలిపోకుండా ఆ రాయి పట్టుకోవాలా వద్దా అనే టెన్షన్‌లోనే ఉన్నాను. సిలిండర్‌లో 200 బార్ గాలితో దిగినవాణ్ని 28 నిమిషాలకే 50కి వచ్చేశాను. ఆయన గేజ్‌లో ఇంకా 120 ఉంది. పైకొచ్చేటప్పుడు ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవడానికి 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి కదా, అక్కడ నేను 3కి, 7కి మధ్య బావిలో చేదలాగా ఎక్కుతూ దిగుతూ ఉన్నాను.

పడవ నడిపే అతను చెయ్యి అందిస్తూ "ఏటండీ, అంత బేగొచ్చేసారు?" అన్నాడు.

టీ తాగుతూ మాస్టారు లెక్క చెప్పారు. 10 మీటర్లలో ఒక్కో ఊపిరికి పైనకంటే రెట్టింపు గాలి పోతుంది, 30లో నాలుగు రెట్లు. ఇదే తీరున పీలిస్తే అక్కడ నాకు దొరికేది పావుగంట, అందులో దిగడానికీ ఎక్కడానికీ పోగా మిగిలేదెంత? పైగా ఆ లోతులో నైట్రోజన్ వల్ల కొందరికి మత్తెక్కినట్టుంటుంది, చిన్న కూడిక కూడా తోచదు. "నీకు చేతులు ఖాళీ అయ్యాక కోర్సు చెయ్యి" అన్నారు. అంటే బీసీడీ బటన్ల మీంచి నా చేతులు లేవాలన్నమాట. ఎన్ని డైవులయ్యాక అంటే మాత్రం అంకె చెప్పలేదు.

నిజానికి తొందరగా చేసెయ్యమనే వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది, కోర్సులో జారకుండా, లేవకుండా ఒకే లోతులో తేలడం నేర్చుకోడానికే ఓ డైవ్ ఎంచుకోవచ్చు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటాడు. కానీ 5 డైవుల డబ్బు కట్టి ఇసక లేపుకుంటూ కూర్చోవడం నాకు నచ్చలేదు.

ఈలోగా మా ఆవిడ ఆ మధ్యాహ్నమే అరకు వెళ్లడానికి కారు మాట్లాడేసింది. మాస్టారు ఠక్కున వద్దన్నారు. ఒంట్లో ఇంకా నైట్రోజన్ మిగిలుంటుంది కాబట్టి డైవ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదని తెలుసు గానీ, దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకు కూడా ఆ లెక్కలోకే వస్తుందని నాకు తట్టనేలేదు. సగం రోజు అలిగింది.

తర్వాత రెండు రోజుల్లో ఇంకో 3 డైవులు చేశాను, అన్నీ 12 మీటర్ల లోపే. చివరిదానికి 41 నిమిషాలొచ్చింది. 5 మీటర్ల దగ్గర తాడు పట్టుకోకుండా ఆగాను, కాకపోతే రెండు నిమిషాలే, మూడో నిమిషంలో మళ్లీ చేద.

ఓ రోజు ఆగి అరకు వెళ్లాం. బొంగు చికెన్ తింటూ "మరి ఆ కోర్సెప్పుడు?" అందావిడ. డిసెంబర్‌లో ఇంకో 6 చేసి చూస్తానన్నాను. "అయితే ఈసారి అరకు ముందు" అంది.